సముద్రపు గాలి ఆలస్యమైన ఏడు

శివరాత్రి వెళ్లి వారం తిరగకముందే సూరత్ శివారు డిండోలిలోని రేకుల గదుల్లో ఎండాకాలం మొదలైంది. సచిన్‌లోని మగ్గాల కార్ఖానాలో నైట్ షిఫ్టు దిగి బస్సులో వచ్చిన లింగమూర్తి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడ్డాడు. లోపల టీవీలో గుజరాతీ వార్తలు వస్తున్నాయి. ఈసారి తీరం వెంబడి ఎండలు మామూలు కన్నా ఎక్కువగా ఉంటాయట. మధ్యాహ్నాలు సముద్రం మీంచి వచ్చే గాలి ఆలస్యమవుతుందట. అంతదాకా ఉత్తరం నుంచి పొడిగాలి కొడుతుందట.

“ఏం జెప్తున్నడు?” అని అడిగింది ఎల్లవ్వ. సూరత్ వచ్చి ఇన్నేళ్లయినా భార్యకు గుజరాతీ సగమే అర్థమవుతుంది.

“దరియా గాలి ఈసారి లేటంట. ఎండలు బాగ కొడ్తయంట.”

ఎల్లవ్వ చాయ్ గ్లాసు అతని చేతికిచ్చి పైకప్పు వైపు చూసింది. “మరి పిల్లను యాడ పండవెట్టాలె?”

వాళ్లకు సంగీత ఒక్కతే కూతురు. ఊరికి ఇంకో చివర, కోసాడ్ ఆవాస్ కాలనీలో అత్తగారింట్లో ఉంటోంది. నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని వియ్యపురాలు పద్మారాణి ఎప్పుడో చెప్పేసింది. ఆ పుట్టిల్లు మేడ మీద వేసిన ఒక రేకుల గది.

కింద ఏదైనా గది దొరుకుతుందేమోనని వీధంతా అడిగారు. కరోనా కేసులు మళ్లీ పెరుగుతున్నాయని ఎవరూ కొత్తవాళ్లను రానివ్వలేదు. చివరికి లింగమూర్తి సున్నం కొని తెచ్చి, షిఫ్టు దిగిన ఒళ్లుతోనే రేకుల మీదికెక్కి తెల్లగా పూశాడు. నిరుడు కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి మెట్లెక్కితేనే ఆయాసం అతనికి. పూత సగం అయ్యేసరికి బ్రష్ పక్కన పెట్టి, తల మోకాళ్ల మీద వాల్చి చాలాసేపు కూర్చుండిపోయాడు. కింద నుంచి ఎల్లవ్వ పిలుస్తుంటే పలికే ఓపిక కూడా లేదు.

సున్నం కొంత పనిచేసింది. సంగీత వచ్చిన రోజు బాగానే గడిచింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న పిల్ల, కంచం మీదికే ఒరిగిపోయింది. ఎల్లవ్వ ఒక్క కేక పెట్టింది. పడుకున్న లింగమూర్తి ఉలిక్కిపడి లేచాడు. తడిగుడ్డతో ముఖం తుడిచి, మెట్ల దగ్గర నీడలోకి చేర్చాక గాని ఆ పిల్ల కళ్లు తెరవలేదు.

“బాపూ, మై ఠీక్ హూ. జర కండ్లు తిరిగినయ్, గంతే,” అంది సంగీత. ఫోన్‌లో వచ్చే వారం ఎండల సంగతి చూసి, “హఫ్తా మొత్తం గిట్లనే ఉంటదంట,” అని గొణిగింది.

“ఎండ దిగినంక కోసాడ్ పోదాం. సామాను సదురు,” అన్నాడు లింగమూర్తి భార్యతో.

“ఏ మొఖం పెట్టుకొని పోతవ్? పురుటికని తెచ్చుకొని మళ్ల తోలిస్తే నలుగురు ఏమంటరు?”

“అననియ్. గా నలుగురొచ్చి ఎండకు అడ్డం నిలవడ్తరా?”

ఆ మాట కోపంగా అనలేదు. కోపానికి కూడా కొంత బలం కావాలి. అతనిలో అది లేదు.

ఆటోలో ముగ్గురూ కోసాడ్ చేరారు. పద్మారాణి ఇల్లు కింది అంతస్తులో ఉంది, లోపలి గదికి ఎండ తగలదు. కాని ఆ గది తలుపు మూసి ఉంది. నిరుడు దసరా ముందు ఆమె భర్త దశరథం కరోనాతో ఆ గదిలోనే పోయాడు. అప్పటి నుంచి ఆమె, కొడుకు పరుశురాం, కోడలు అందరూ ముందుగదిలోనే సర్దుకుంటున్నారు.

తలుపు తీసిన పద్మారాణి, చేతిలో సంచీలతో ఉన్న కోడలిని చూసి బిత్తరపోయింది. “ఏమైందన్నా?”

లింగమూర్తి జరిగింది చెప్పాడు. “మా రేకుల కింద పిల్ల తట్టుకోదు చెల్లె. పురుడు ఈడనే కానియ్. అన్ని చేసుకునేందుకు మీ వదినె ఈడనే ఉంటది.”

“ఏడాది మాసికం కాలే అన్నా. గా అర్రల పురుడంటే ఎట్ల?”

“అడుగుడు తప్పే గావచ్చు. బావ పోయిన అర్ర అని నాకు ఎరికే. కాని ఇంకో జాగ లేదు చెల్లె.” ఆపైన దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది.

పద్మారాణి మంచినీళ్లు తెచ్చిచ్చింది. అతను తాగేదాకా నిలబడి చూసింది. ఖాళీ గ్లాసు అందుకుని అంది.

“ఆచారమంటే ఒక వంకనే అన్నా. గా తలుపు తీసుడు నాతోని అయితలేదు. ఆయన పండిన మంచం గట్లనే ఉన్నది. బట్టలు గట్లనే ఉన్నయ్.” కొంగులోంచి తాళంచెవి తీసి ఎల్లవ్వకు ఇచ్చింది. “నువ్వు తియ్ వదినె. నేను బయట నిలవడ్త.”

ఎల్లవ్వ తలుపు తెరిచింది. మూసి ఉంచిన గది వాసన ముందుగదిలోకి వచ్చింది. ఆమె దుప్పట్లు దులిపి, మంచం జరిపి, కొంగు నడుముకు చుట్టి ఊడవడం మొదలుపెట్టింది. కాసేపటికి పద్మారాణి లోపలికి వచ్చి, ఆమె చేతిలోని చీపురు తీసుకుంది. గోడకు వేలాడుతున్న చొక్కాను మాత్రం తనే తీసి మడిచింది. ఇద్దరూ కలిసి నేల కడిగారు. ఆ రాత్రే సంగీత ఆ గదిలో పడుకుంది.

టీవీవాళ్లు చెప్పినట్టే ఎండలు కొట్టాయి. లింగమూర్తి ఒక్కడే డిండోలిలో ఉండి, నైట్ షిఫ్టు దిగి వచ్చాక కింది మెట్ల మలుపులో చాప వేసుకుని పడుకునేవాడు. వచ్చేపోయేవాళ్లు అతన్ని దాటుకుంటూ వెళ్లేవాళ్లు. హోలీ పోయింది, ఉగాది పోయింది. ఊరంతా అంబులెన్సుల కూతలే. పెద్దాసుపత్రిలో మంచాలు లేవన్నారు. కోసాడ్ పక్కనే అమ్రోలీలోని ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో సంగీతకు ఆడపిల్ల పుట్టింది. పరుశురాం ఫోన్ చేసి చెప్పినప్పుడు లింగమూర్తి మగ్గాల మధ్య నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడులో సగమే వినిపించింది.

“తల్లి మంచిగున్నదా?” అని అరిచాడు. ఉందన్నాడు అల్లుడు.

వెంటనే వెళ్లలేదు. కార్ఖానాలో ఒకరిద్దరికి జ్వరాలున్నాయి. తనకూ వస్తుందేమోనని భయపడి కొన్నాళ్లు ఆగాడు. ఏ జ్వరమూ లేదని తేలాక ఒక సెలవురోజు స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, ముక్కు మీదుగా మాస్కు కట్టుకుని కోసాడ్ వెళ్లాడు. లోపలికి రమ్మన్నా రాక, గుమ్మంలోనే కూర్చున్నాడు. అక్కడి నుంచి లోపలి గదిలో మంచం మీద పసిదాని పాదం ఒకటి కనిపిస్తోంది. పిల్ల నిద్రపోతోంది.

“లేసినంక తెస్త. జర ఆగు,” అంది ఎల్లవ్వ.

“తొందరేం లేదు,” అన్నాడతను.

ఆమె చాయ్ పెట్టుకుని వచ్చేసరికి, తలుపు చెక్కకు తల ఆనించి, నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఎల్లవ్వ భుజం తట్టబోయింది.

“లేపకు వదినె,” అంది పద్మారాణి. టేబుల్ ఫ్యాను తెచ్చి, గాలి అతనికి తగిలేలా గుమ్మం వైపు తిప్పింది.