ఆడవాళ్ళ వంతు

"నువ్వేం పెద్దగా చెయ్యక్కర్లేదు. కాస్త మనసు విప్పి మాట్లాడు, చాలు" అన్నాడు ఎస్కో.

విర్పి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. సాల్మన్ చేప ముక్కలు కోసి పెట్టింది. సూప్‌లోకి సోయికూర తరిగింది. రై రొట్టె కోసి గుడ్డ కప్పింది. ఒడ్డున ఉన్న సౌనాలో, రాళ్ళు కాల్చి ఆవిరి పట్టే స్నానాల గదిలో, కట్టెలు పేర్చి, పొయ్యి అంటించి వచ్చింది. పెద్దగా చెయ్యక్కర్లేని పనులన్నీ పొద్దుటి నుంచీ ఆమే చేస్తోంది. ఎస్కో కిటికీ దగ్గర నిలబడి సరస్సు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. సెలవులకి తప్ప రాని ఈ చెక్క ఇల్లంటే అతనికి మహా గర్వం. అతిథులొచ్చినప్పుడు ఆ గర్వం ఇంకాస్త పెరుగుతుంది, ఆమెకి పని పెరిగినట్టే.

సాయంత్రం హిల్కా వస్తోంది. కువోపియో ఊరి బయట రొట్టెల ఫ్యాక్టరీ ఆమెది, తాత కాలం నాటిది. దాన్ని చక్కదిద్దే పని ఎస్కో కంపెనీకి ఇవ్వాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉంది. ఎస్కో కన్సల్టెంటు, ఇలాంటి పని ఇంకొకటి తెస్తే కంపెనీలో భాగస్వామి అవుతాడు. హిల్కాతో తమ్ముడు ఆంతెరో కూడా వస్తాడు కానీ, అతను అక్క తల ఊపితే తానూ ఊపే మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఎన్ని మీటింగులు పెట్టుకున్నా అసలు మాట సౌనాలోనే తేలుతుంది. మగవాళ్ళ వంతులో నాకు దొరికేది ఆంతెరో. అతనికి చెప్పడం, పొయ్యి మీది రాళ్ళకి చెప్పడం ఒకటే. ఆడవాళ్ళ వంతులో ఆవిడా నువ్వే ఉంటారు. అక్కడికి నేను రాలేను కదా."

"రా. నలుగురూ చెప్పుకుంటారు" అంది విర్పి.

అతను నవ్వలేదు. పని మాటలప్పుడు అతనికి నవ్వు రాదు.

"ఏం మాట్లాడమంటావు?" అని తనే అడిగింది.

"మన పాప సంగతి."

చేతిలో కత్తి ఆగింది. సగం చెక్కు తీసిన దుంప అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఈ ఇంట్లో గానీ, ఊళ్ళో తమ ఫ్లాట్‌లో గానీ, 'మన పాప' అన్న రెండు మాటలు అతని నోట కలిసి వినబడి ఆరేళ్ళయింది. అసలు ఎప్పుడైనా వినబడ్డాయా అని ఆలోచించింది. గుర్తు రాలేదు.

పాప పుట్టిన రోజు అతను ఔలు నగరంలో ఉన్నాడు, ఎవరో క్లయింటు దగ్గర. నొప్పులు ముందే వచ్చాయి, కడుపులో పాప గుండె చప్పుడు అంతకుముందే ఆగిపోయింది. నర్సు పాపకి పసుపు ఊలు టోపీ పెట్టి తెచ్చి చేతుల్లో పెట్టింది. ఆసుపత్రికి ఎవరో అల్లి పంపే టోపీలట అవి. విర్పి ఆ చిన్న వేలిని తన వేలితో పట్టుకుని కూర్చుంది. కిటికీ అవతల పొగమంచు కమ్మి, చెట్లు లేవు, రోడ్డు లేదు, లోకం మొత్తం ఆ గది ఒక్కటే అయినట్టుంది. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. హాయిగా ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు కానీ, నిజానికి హాయిగానే ఉంది, తను తల్లిగా ఉన్న గంటలు అవే గనక. మర్నాడు ఎస్కో వచ్చేసరికి ఉయ్యాల తీసేశారు, మంచు విడిపోయింది. "పేరేం పెడదాం?" అని ఆమె అడిగితే, "ఇప్పుడు పేరెందుకు? పేరు పెడితే ఇక వదలదు" అన్నాడు. ఇంటికొచ్చే దారిలో, కారులో, ఆమె ఒక్కసారే అన్నీ చెప్పింది. టోపీ, వేలు, మంచు, అన్నీ. అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా విని, "సరే, దీన్ని ఇక్కడితో వదిలేద్దాం" అన్నాడు. అత్తగారు ఫోన్‌లో, "ఎవరితోనూ అనకు తల్లీ, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అంది. కడుపే ఖాళీ అయినదానికి ఆ సామెత చెప్పడం ఆవిడకే చెల్లింది.

తర్వాత ఎస్కో కంపెనీ తన ఉద్యోగులకి హెల్సింకిలో శిక్షణ ఇప్పించింది. క్లయింటు నమ్మాలంటే ముందు నీ గాయం నువ్వు చూపించు, అప్పుడు ఎదుటివాడు తన తాళం తనే తీస్తాడు అని నేర్పారట. ఎస్కో ఇంటికొచ్చి ఫ్రిజ్ ముందు నిలబడి అభ్యాసం చేసేవాడు. దివాలా తీసిన తండ్రి కలపమిల్లు గురించి గొంతు తగ్గించి చెబుతూ, "ఇక్కడ ఆగితే బాగుందా, ఇంకాస్త ఆగనా?" అని అడిగేవాడు. అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆమే చెప్పేది, ఇంకాస్త ఆగమని. తండ్రంటే అతనికి అంత ప్రేమని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆ ముసలాయనకి ఇప్పటికీ తెలియదు. అలాంటి రోజుల్లోనే ఒకసారి, పొగమంచు పట్టిన పొద్దున, ఆమె వంటగదిలో కూర్చుని ఏడ్చింది. "పొద్దంతా ఆఫీసులో మనసు విప్పీ విప్పీ వస్తాను విర్పీ, ఇంట్లో కూడానా?" అన్నాడు. అది నిజమేననిపించి కళ్ళు తుడుచుకుంది. ఫిజియోథెరపిస్టుగా రోజంతా ముసలివాళ్ళ మోకాళ్ళూ భుజాలూ వంచి సాగదీసి వచ్చేది తను. ఇంటికొచ్చి ఎవరి మోకాళ్ళూ చూడనని తను ఎన్నడూ అనలేదు.

"ఆవిడకి చెప్పి ఏం లాభం?" అంది ఇప్పుడు.

"నేను ముందే కొంచెం చెప్పాను, పోయిన వారం భోజనం దగ్గర. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతదాకా లెక్కలు తప్ప మాట్లాడని మనిషి, స్పూను పక్కన పెట్టేసింది. ఇక నువ్వు ఒక్క మాట కలిపితే చాలు."

"ఏం చెప్పావు?"

"ఏముంది, జరిగిందే" అన్నాడు ఎస్కో, కారు చప్పుడు వినబడి తలుపు వైపు నడుస్తూ.

హిల్కా అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, పిండి పిసికిన భుజాలతో ఉంది. కాఫీ తాగింది, రొట్టె ముక్క వాసన చూసి, "మాది కాదు" అంది. ఎస్కో ముఖం మాడింది. "పరవాలేదు, మాదాని కంటే బాగుంది. అందుకే కదా మీకు ఇంత పనిబడింది" అని తనే నవ్వింది. ఆంతెరో కూడా నవ్వాడు. కాసేపటికి అందరూ సరస్సు వైపు చూస్తూ ఊరుకున్నారు. జూన్ నెల సాయంత్రం, సూర్యుడు దిగనని మొండికేసి నీళ్ళ మీదే ఉన్నాడు. ఎస్కో ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఏదో అనబోయి, శిక్షణ గుర్తొచ్చి కాబోలు, మానుకున్నాడు.

ముందు ఆడవాళ్ళ వంతు.

సౌనాలో వెలుగు తక్కువ. చిన్న కిటికీలోంచి పడే ఎండ పైబల్ల మీద పలుచగా పరుచుకుంది. ఇద్దరూ బట్టలు విప్పి, కింద నారగుడ్డలు వేసుకుని కూర్చున్నారు. విర్పి కర్రగరిటెతో రాళ్ళ మీద నీళ్ళు పోసింది. ఆవిరి వచ్చి మెడ మీద, వీపు మీద మెల్లగా వాలింది. తడి బర్చ్ ఆకుల వాసన గదంతా నిండింది. ఇక్కడ చర్చిలో ఉన్నట్టు ఉండాలి అనేది విర్పి అమ్మమ్మ. అరవకూడదు, తిట్టకూడదు, అబద్ధమాడకూడదు. చిన్నప్పుడు దొంగతనంగా తిన్న పిప్పరమెంటు బిళ్ళల సంగతి కూడా విర్పి ఇక్కడే ఒప్పుకునేది, ఎవరూ అడక్కుండానే. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అమ్మమ్మ ఆ మూల కూర్చుని ఉన్నట్టే అనిపించింది. ఎస్కో చెప్పమన్న మాట ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. మొదలుపెట్టకూడదనీ తోచింది. ఇంకో గరిటెడు నీళ్ళు పోసింది.

"నీ మొగుడు చెప్పాడు" అంది హిల్కా.

విర్పి గరిటె బకెట్‌లో పెట్టింది.

"పసుపు టోపీ సంగతి చెప్పాడు. పాప వేలు పట్టుకుని రాత్రంతా కూర్చున్నాడట కదా. బయట ఒకటే మంచట, లోకంలో తామే ఉన్నట్టుందట. అంత బాధలోనూ హాయిగా అనిపించిందన్నాడు. అది విని నాకు ఒళ్ళు జలదరించింది, అమ్మాయ్. అబద్ధాలాడేవాళ్ళకి ఆ మాట తట్టదు."

ఆ మాట విర్పి ఎవరితోనూ అనలేదనుకుంది. అనే ఉంటుంది, కారులో, ఆ ఒక్కసారి. అంత శ్రద్ధగా విన్నాడన్నమాట. ఆరేళ్ళూ దాచి ఉంచాడన్నమాట, తనతో పంచుకోవడానికి కాదు. ఆమె చేతులు చూసుకుంది. ఆవిరిలో అవి తనవి కానట్టున్నాయి. ఆ గదిలోంచి తనని లేపి, ఆ కుర్చీలో అతను కూర్చున్నాడు. ఆ వేలు అతను పట్టుకున్నాడు. తనెక్కడుంది మరి? ఔలులో, ఎవరో క్లయింటు దగ్గర ఉందా?

"నాకూ ఒక పిల్లాడు" అంది హిల్కా, రాళ్ళ వైపు చూస్తూ. "మా రోజుల్లో చూపించేవాళ్ళు కూడా కాదు. గుడ్డలో చుట్టి తీసుకుపోయారు. వెళ్ళి పిండి పిసుక్కో, మర్చిపోతావు అన్నారు. పిసికాను. పిసుకుతూనే పేరు పెట్టుకున్నాను, లోపల్లోపలే. నా మొగుడు పోయేదాకా ఒక్కనాడూ అడగలేదు, ఆ బిడ్డని ఏమని పిలుచుకుంటున్నావే అని. చెడ్డవాడు కాదు. అడగలేదు, అంతే. అందుకే పోయిన వారం ఎస్కో నోటితో, మా పాప పేరు ఐనో అని చెబుతుంటే, నా కళ్ళు ఆగలేదు. ఒక మగవాడు అలాంటి బిడ్డని పేరు పెట్టి పిలవడం నా జన్మలో అదే వినడం. వీడికి ఇచ్చేద్దాం పని అని అప్పుడే అనుకున్నాను. కాగితాలు కారులో తెచ్చాను కూడా."

ఐనో.

విర్పి ఆ పేరు ఇంతవరకూ వినలేదు. దాన్ని నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసింది. మంచి పేరే. ఎవరి పిల్లో తెలియదు. తన పాపకి తనూ ఒక పేరు పెట్టుకుంది, ఆ ఆసుపత్రి కిటికీ దగ్గరే. పొద్దున్నే నీళ్ళ మీద మంచు లేస్తుంటే పెదవులు కదపకుండా పిలుచుకుంటుంది. ఆ పేరు అతనికి చెప్పాలని ఎన్నిసార్లు గొంతుదాకా వచ్చిందో. అతను అడిగితే చెబుదామని ఊరుకుంది. అతనేమో ఆ చోటు ఖాళీగా ఉందనుకుని, చేతికందిన పేరొకటి తెచ్చి పెట్టేశాడు.

ఊరుకుంటే సరిపోతుంది. తల ఊపితే చాలు, కారులో కాగితాలు బయటికొస్తాయి, ఎస్కో భాగస్వామి అవుతాడు, ఈ ఇంటికి కొత్త పడవ వస్తుంది. అతనికి ఇంత చేసింది, ఇదొక్కటి చెయ్యలేదా? చెయ్యగలదు. కానీ తల ఊపిన క్షణం నుంచి ఆ పాప ఐనో అయిపోతుంది. పసుపు టోపీతో, పట్టుకున్న వేలితో సహా ఐనో అయిపోతుంది. తను పెట్టుకున్న పేరుతో పిలిస్తే పలకడానికి ఎవరూ మిగలరు.

"ఆమె పేరు ఐనో కాదు" అంది విర్పి.

హిల్కా తల తిప్పి చూసింది.

"ఎస్కో అక్కడ లేడు. మర్నాడొచ్చాడు. వేలు పట్టుకుంది నేను. మంచు చూసింది నేను. హాయిగా ఉందన్నదీ నేనే."

ఎక్కడ ఆగాలో ఎవరినీ అడక్కుండానే ఆగింది. రాళ్ళు చిటపటమని ఊరుకున్నాయి. హిల్కా లేచి, గరిటెతో నీళ్ళు తీసుకుని, రాళ్ళ మీద మెల్లగా పోసింది. ఆవిరి ఇద్దరి మధ్యా తెరలా లేచింది. ఆ తెర వెనక నుంచి అడిగింది, "మరి ఏమని పిలుచుకుంటున్నావే?"

"ఉస్వా."

పొగమంచు అని అర్థం ఆ పేరుకి. బయటికి అనడం అదే మొదలు. ఎంత తేలిగ్గా ఉందో ఆ పేరు. ఆవిరిలోకి వెళ్ళి కలిసిపోయి, మళ్ళీ వచ్చి ఆమె చెంపల మీద వాలింది. విర్పి ఏడుస్తోంది. చెమటలో ఏది కన్నీరో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

"మావాడు ఓన్ని" అంది హిల్కా. తర్వాత ఇద్దరూ సరస్సు నీళ్ళలోకి దిగి, ఒకరి పక్కన ఒకరు ఈదారు. సూర్యుడు ఇంకా అక్కడే ఉన్నాడు. సరస్సు అవతలి ఒడ్డున సన్నగా మంచు మొదలైంది.

ఎస్కో తువ్వాళ్ళు పట్టుకుని ఒడ్డు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు, వెనక ఆంతెరో. హిల్కా తువ్వాలు తీసుకుని, "వెళ్ళు నాయనా, ఆవిరి బాగుంది. కాగితాలు కారులోనే ఉండనీ" అని, ఇంటి వైపు నడిచిపోయింది. ఆంతెరో ఒకసారి అక్క వీపు వైపు చూసి, సౌనాలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"ఏమంది? ఏం చెప్పావు?" అన్నాడు ఎస్కో గొంతు తగ్గించి.

"పాప పేరు అడిగింది."

"ఐనో అని... అయ్యో, ఆ సంగతి నీకు చెప్పనే లేదు కదూ. పేరు లేకపోతే ఎవరికీ మనసుకి పట్టదు విర్పీ, ఏదో ఒకటి ఉండాలని..."

"పేరుంది. నేనెప్పుడో పెట్టుకున్నాను. ఆవిడకి అదే చెప్పాను. నువ్వు లేవని కూడా చెప్పాను."

అతను సౌనా తలుపు వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "సర్దుకోవచ్చు. సూప్ దగ్గర నేను మాట్లాడతాను. ముందా పేరు చెప్పు. ఏం పేరు?"

ఆరేళ్ళుగా ఆమె ఎదురుచూసిన ప్రశ్న అది. ఎన్నో సాయంత్రాలు, ఎన్నో చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, దానికి జవాబు సిద్ధం చేసి పెట్టుకుంది. అతను అడుగుతాడు, తను చెబుతుంది, ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఇప్పుడు అడిగాడు. అతని కళ్ళు ఇంటి మెట్లెక్కుతున్న హిల్కా మీద ఉన్నాయి.

విర్పి తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుంది. అవతలి ఒడ్డున లేస్తున్న మంచు వైపు ఒకసారి చూసి, మెట్ల పక్కన కట్టి ఉన్న పాత పడవ తాడు విప్పడానికి వంగింది.

"పేరు పెడితే ఇక వదలదన్నావు కదా" అంది. "నిజమే ఎస్కో, వదల్లేదు. సూప్ పొయ్యి మీద ఉంది, నువ్వే వడ్డించు. నేను నా కూతురితో కాసేపు కూర్చుంటాను."