వకుళ కొవ్వు సాక్ష్యం

వకుళ నడుము నుంచి దిగిపోయిన కొవ్వు బుధవారం పొద్దున వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. చుట్టపుచూపుగా వచ్చినట్టు కాళ్ళు బారజాపుకుని మజ్జిగ తాగుతోంది. వకుళ పాదాలు నేలకు బెత్తెడు ఎత్తున ఆగిపోయాయి. ఆమె కుచ్చెళ్ళు పట్టుకుని గుమ్మంలో తేలుతూ దాన్ని ఎగాదిగా చూస్తోంది.

పోయిన కొవ్వు పోక, ఇంకా ఇక్కడే ఎందుకుంది? ఆ వాలకమే ఆమెకు నచ్చలేదు.

వకుళ మింగుతున్న మాత్రలు తెచ్చింది తోడికోడలు హైమ. ఏదో తీగ ఆకుల సారమట, కొవ్వును కరిగిస్తుందో లేదో పరీక్షిస్తున్నారట. తోడికోడళ్ళిద్దరికీ చెరో సీసా: ఒకరి సీసాలో సారం, ఇంకొకరి సీసాలో ఉత్త తవుడు. ఏది ఎవరిదో మాత్రలిచ్చే డాక్టరుకు కూడా తెలియకూడదు. స్కానింగులో లివరుకు కొవ్వు పట్టిందని తేలింది కనుక వకుళ కాదనలేకపోయింది.

వకుళకు పిల్లల్లేరు. హైమ కొడుకు విహారికి రెండేళ్ళు. వాడు వకుళ మెత్తటి పొట్ట మీద తప్ప ఇంకెక్కడా నిద్రపోడు, కన్నతల్లి ఎంత జోకొట్టినా కళ్ళు మూయడు. ఆ పొట్ట కరిగిపోతే వాడు ఎవరి దగ్గర పడుకుంటాడు? వకుళ మాత్ర మింగుతూ హైమ మొహం చూస్తుంది. హైమ నవ్వుతుంది. ఆ నవ్వులో ఏదో ఉంది.

డాక్టర్ పరాంకుశం బరువు చూసే మిషను చంకన పెట్టుకుని వస్తాడు. కుర్చీలో కొవ్వును చూసి పొంగిపోతాడు.

"ఇంతకంటే ఆధారం ఏం కావాలండీ! మీ సీసా ఒకసారి ఇలా తెండి."

వకుళ లోపలి నుంచి ఊరగాయ జాడీ తెచ్చి ఇస్తుంది.

"మా ఇంట్లో ఎవరి డబ్బా వాళ్ళకుండదండీ. ఉప్పయినా పప్పయినా ఒక్కటే. రెండు సీసాలూ ఇందులోనే పోసేశాను."

పరాంకుశం తల పట్టుకుని మెట్టు మీద కూలబడతాడు. "మరిప్పుడు ఇది దేనికి ఆధారమండీ?"

"దాన్నే అడగండి," అంటుంది వరండాలోకి వచ్చిన హైమ.

కొవ్వు గ్లాసు కింద పెడుతుంది. "మాత్రల సంగతి నాకు తెలీదండీ. ఈవిడ పొద్దస్తమానం నన్ను దొంగని చూసినట్టు చూసేది. మర్యాదున్నవాళ్ళు ఎన్నాళ్ళుంటారు?"

"ఒక్కరి మాట ఆధారం కాదు, తూచి చూడాలి," అంటాడు పరాంకుశం.

అప్పుడు విహారి కళ్ళు నులుముకుంటూ వస్తాడు. గాలిలో ఉన్న వకుళను చూస్తాడు. తిన్నగా వెళ్ళి కొవ్వు ఒళ్ళోకెక్కి నిద్రపోతాడు.

"చూశావా అక్కా, వాడికి కావలసింది అదే," అంటుంది హైమ.

"నువ్వు కోరుకున్నదీ ఇదే," అంటుంది వకుళ.

కొవ్వును తూచాలంటే ముందు పిల్లాణ్ణి దించాలి. హైమ వాణ్ణి ఎత్తబోతుంది. వాడు కదలడు. పరాంకుశం చొక్కా చేతులు మడిచి సాయం పడతాడు. ఇద్దరికీ చెమటలు పడతాయి గానీ వాడి వేలు కూడా లేవదు.

"నా బరువు కాదండీ అది," అంటుంది కొవ్వు. "నేను దూదిని. ఆవిడ తన బరువంతా వీడి దగ్గర దాచుకుంది."

వకుళ ఆ మాటా నమ్మదు. తేలుతూ వెళ్ళి ఒక్క చేత్తో విహారిని ఎత్తుకుంటుంది. వాడు నిద్రలోనే ఆమె మెడ చుట్టూ చెయ్యి వేస్తాడు. ఆమె పాదాలు నేలకు ఆనుతాయి.

వరండా మెల్లగా ఆమె వైపు ఒరుగుతుంది. మిషను జారుతుంది, జాడీ జారుతుంది. కుర్చీతో సహా కొవ్వు, మెట్టు మీది డాక్టరు, స్తంభాన్ని పట్టుకోబోయిన హైమ, అందరూ నిదానంగా ఆమె కాళ్ళ దగ్గరికి జారి వస్తున్నారు. వకుళ వాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచి పిల్లాణ్ణి జోకొడుతోంది.