కొండెంగ కూత

పొద్దున పళ్లు తోముకుంటుంటే పరమేష్‌కి ఉమ్మిలో నెత్తురు జీర కనబడింది. చిగుళ్లదేమోనని పుక్కిలించాడు. మళ్లీ అదే. గొంతులోంచి వస్తోందని తెలిసిపోయింది. భార్య సుక్కమ్మ చూడకముందే నీళ్లు గుమ్మరించేశాడు.

ఇబ్రహీంపట్నం దాటాక వెలిసిన కొత్త కాలనీలో కోతులను తరమడం అతని పని. కోతులకు నల్లమూతి కొండెంగంటే, అదే కొండముచ్చంటే, హడల్. కొండెంగను తెచ్చి కట్టేస్తే అటవీశాఖ కేసు పెడుతుంది కాబట్టి, దానిలా అరిచే మనిషిని పెట్టుకున్నారు కాలనీవాళ్లు. మంద ఎక్కడ దిగినా పరమేష్ పోయి, కడుపులోంచి గాలి తన్ని "హూప్... హూప్" అని కూసేవాడు. కొన్నాళ్లుగా ఆ కూత బొంగురుపోయింది. కోతులు పారిపోబోయి, ఆగి, వెనక్కి తిరిగి చూస్తున్నాయి.

"తువాల మీద నెత్తురేంది?" అడిగింది సుక్కమ్మ ఆ సాయంత్రం.

"ఏం లేదు. గొంతు జర గీరుకపోయింది."

అతని బాపు గొంతులో గడ్డ లేచే చనిపోయాడు. చివరికి మంచినీళ్లు కూడా దిగలేదు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. తెల్లారి హయత్‌నగర్ బస్సెక్కారు.

దవాఖానలో డాక్టర్ నీహారిక ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపింది. తెర మీద తెల్లటి పొరలు రెండు, ఒకదాని మీద ఎర్రటి బొడిపె. ఏం పని చేస్తారని అడిగి తెలుసుకుంది.

"కొండముచ్చు అరుస్తుంటే దగ్గర్నుంచి చూశారా?"

"జూసిన మేడం. మెడ కింద తోలు ఉబ్బుతది."

"అక్కడ దానికి గాలిసంచి ఉంటుందండి. స్వరపేటికకు ఆనుకుని, చర్మం కిందికి దిగి. అరిచినప్పుడు అది గాలితో నిండి మోగుతుంది. మనిషికి ఆ సంచి లేదు. ఉన్నవి ఈ రెండు పొరలే. అంత అరుపూ వీటితోనే అరుస్తుంటే, ఒకదాన్నొకటి కొట్టుకుని ఇలా అయ్యాయి."

"గిది కాన్సరా మేడం?" సుక్కమ్మ గబుక్కున అడిగేసింది.

"అలా కనిపించట్లేదమ్మా. కానీ తీసి పరీక్షకు పంపనిదే మాటివ్వలేను."

బొడిపె తీశారు. రిపోర్టు వచ్చేదాకా, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు, నోరు మెదపొద్దన్నారు. గుసగుస కూడా వద్దన్నారు. పరమేష్ ఇంట్లో కూర్చుని గుటక మింగుతూ చూసుకునేవాడు. నిన్నటికంటే కష్టంగా దిగుతోందా? అన్నం ముద్ద అడ్డుపడుతోందా? అడుగుదామంటే మాట్లాడకూడదు.

ఒక పొద్దున కాలనీ వైపునుంచి కూత వినబడింది. కొత్త మనిషిని పెట్టుకున్నారేమోనని పరుగున పోయి చూస్తే, ప్రహరీ పక్కన కొంగు బిగించి సుక్కమ్మ! మెడ నరాలు తేలేలా కూస్తోంది. పరమేష్ వెళ్లి ఆమె నోరు మూశాడు.

"ఇడువ్! పని పోతే ఏం తింటం?"

అతను తన మెడ మీద, ఆమె మెడ మీద వేలు పెట్టి చూపించి, లేదు లేదన్నట్టు తలూపాడు.

"సంచి నాకూ లేదంటవ్. ఎరికే." ఆమె గొంతు అప్పుడే కీచుమంది.

ఫోన్ మోగింది. మాట్లాడేది ఆమే కాబట్టి ఫోన్ ఆమె దగ్గరే ఉంటోంది. విన్నంతసేపూ "అవ్ మేడం, అవ్" అంటూ, పెట్టేశాక నేల మీద కూలబడింది. పరమేష్ ఆమె భుజాలు పట్టుకుని కుదిపాడు.

"ఏం లేదంట," అంది చివరికి. "మామూలు బొడిపెనేనంట."

అతను చప్పుడు కాకుండా ఏడ్చాడు.

అటునుంచి అటే కాలనీ సెక్రటరీ వీరరాఘవులు దగ్గరికి పోయారు. "ఇగ మా ఇంట్ల ఎవ్వరం కూయం సార్. డబ్బా కొట్టి తరుముతం," అంది సుక్కమ్మ.

"డబ్బాకు కోతులు బెదురుతాయా అమ్మా?" ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరే, చూద్దాం. కోతులు పోకపోతే మాత్రం నేనూ ఏం చెయ్యలేను."

చివరి వీధిలో మంద దిగి ఉంది. పరమేష్ ఖాళీ నూనె డబ్బా మీద కర్రతో కొట్టాడు. ఒకటి రెండు కదిలాయి. ఇంకోసారి కొట్టాడు. పిల్లల తల్లులు గోడ దూకాయి. గండుకోతి ఒక్కటి పళ్లు బయటపెట్టి అక్కడే కూర్చుంది. పరమేష్ కడుపులో గాలి దానంతట అదే పైకి తన్నుకొచ్చింది. పెదాలు బిగించి దాన్ని మింగి, డబ్బా మోగిస్తూ ముందుకు నడిచాడు.