బియ్యంలో దాచిన సన్నాయి

మైపాడు సముద్రపు గాలికి తుప్పు పట్టని వస్తువు లేదు. ఫ్యాను రెక్కలు, కిటికీ చువ్వలు, గోడకు కొట్టిన మేకులు కూడా రెండు వర్షాకాలాలు గడిచేసరికి పొడిపొడిగా రాలిపోతాయి. అలాంటి ఊళ్ళో నవాజ్ ఇంటి వెనక గదిలో రికార్డింగ్ స్టూడియో పెట్టాడు. జాతర పాట, పుట్టినరోజు పాట, ఎన్నికలప్పుడు ఆటో మైకు పాట, ఏదొస్తే అది కట్టిస్తాడు. ఉప్పుగాలికి ఒక హార్డ్ డిస్కు చచ్చాక అతనికో ఉపాయం తట్టింది. తడిసిన ఫోనును బియ్యంలో పెడతారు కదా, తడవకముందే పెడితే ఇంకా మంచిది కదా అనుకున్నాడు. ముఖ్యమైన సెట్టింగులన్నీ గోరంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, వంటింట్లో బియ్యం డ్రమ్ము అడుగున పాతిపెట్టాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెలివి ఎక్కువైతే వచ్చే తంటాలు ఇలాగే మొదలవుతాయి.

ఆ పెన్‌డ్రైవ్‌లో అన్నిటికంటే విలువైనది తాత సన్నాయి. నవాజ్ తాత మౌలా ఆ తీరంలో ఎన్ని పెళ్ళిళ్ళకు ఊదాడో ఆయనకే లెక్క తెలియదు. ఊపిరితిత్తులు చెడిపోతున్న రోజుల్లో నవాజ్ ఆయన చేత ఒక్కో స్వరం విడివిడిగా ఊదించి కంప్యూటర్‌లో పట్టుకున్నాడు. పట్టుకోవడం ఒక్క పూట పని. వాటిని కీబోర్డు మీద తాత ఊదినట్టే పలికించడానికి మాత్రం ఏడాది పట్టింది. ఏ స్వరం మీద నుంచి ఏ స్వరానికి ఎంత జారాలి, ఎక్కడ ఊగాలి, ఎక్కడ ఆగి గాలి పీల్చుకోవాలి, అన్నిటికీ తాత పక్కన కూర్చుని "కాదురా, ఇంకొంచెం" అంటుంటే నవాజ్ సరిచేస్తూ పోయాడు. ఆ సరిచేసినవే సెట్టింగులు. అవి పోతే మిగిలేవి ఉత్త స్వరాలు. వాటికీ లారీ హారన్‌కూ పెద్ద తేడా ఉండదు.

ఇప్పుడు మౌలాకు మూడు మాటలు మాట్లాడితే ఆయాసం. మళ్ళీ ఊదే మాటే లేదు. అలాంటప్పుడు ఆయన స్నేహితుడు చిన్నపోలయ్య తన మనవరాలి పెళ్ళని చెప్పడానికి వచ్చాడు. ఆయన పెళ్ళికీ, ఆయన కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ మౌలాదే సన్నాయి.

"నువ్వు ఊదతావో, నీ మనవడు పెట్టెలోంచి ఊదిస్తాడో నాకు తెల్దు మౌలా. మా ఇంట్లో తాళి కట్టేటప్పుడు నీ సన్నాయే ఇనపడాల" అన్నాడు.

ఆయన వెళ్ళాక మౌలా చాలాకాలానికి తనంతట తాను నోరు విప్పి, తెల్లచొక్కా ఇస్త్రీకి ఇమ్మన్నాడు. అది చూసి నవాజ్‌కు సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

పెళ్ళి నెత్తిమీద పెట్టుకుని ఎవడైనా పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ మారుస్తాడా? నవాజ్ మార్చాడు. పాత వెర్షన్ పాట మధ్యలో బిగుసుకుపోతోంది, పెళ్ళిపందిట్లో అలా జరిగితే పరువు పోతుందని కొత్తది దించాడు. పాతదాంతో పాటు దాని సెట్టింగులు కూడా తీసెయ్యమంటావా అని అది మర్యాదగానే అడిగింది. బియ్యంలో ఉంది కదా అన్న ధీమాతో తీసెయ్ అన్నాడు. తీసేసింది. ఆ తర్వాత వంటింట్లోకి పోయి డ్రమ్ములో భుజం దాకా చెయ్యి పెట్టి దేవాడు. అడుగు తగిలింది గానీ కవరు తగల్లేదు.

"ఏందిరా, బియ్యంలో ఈత కొడతా ఉండావు?" అంది బీజాన్. ఆమె మౌలా భార్య, నవాజ్‌కు జేజి. చూపు సరిగా ఆనదు.

"జేజీ, దీంట్లో చిన్న కవరు ఉండాల. చూసినావా?"

"నా చెయ్యే నాకు కనపడదు, కవరేం కనపడద్ది? రంజాన్‌కి ఫిత్రా పోసేటప్పుడు డ్రమ్ము అడుగు దాకా ఊడ్చినా. ఇది ఆ తర్వాత పోసిన కొత్త బస్తా."

నవాజ్ డ్రమ్ములోంచి చెయ్యి లాగేశాడు. "ఆ అడుగు బియ్యం ఎవరికి పోసినావు?"

"పాలెంలో పిచ్చమ్మకి. పండగ దానం వెనక్కి అడిగేవు, కాళ్ళిరగ్గొడతా."

పిచ్చమ్మ మొగుడు సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. కొడుకు పెంచల్ కూడా వేటకే పోతాడు, నవాజ్‌తో బడిలో చదివినవాడు. నవాజ్ బండేసుకుని పాలెం చేరేసరికి పడవలన్నీ ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి. వేట నిషేధం రోజులు. పిచ్చమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. పెంచల్ పాత వల ఒకటి బాగుచేసుకుంటున్నాడు. అతని మెడలో నల్లదారానికి నల్లగుడ్డతో కుట్టిన చిన్న మూట వేలాడుతోంది. దాని పొడవూ వెడల్పూ చూడగానే నవాజ్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"అత్తా, జేజి పోసిన ఫిత్రా బియ్యంలో ఏమన్నా వచ్చిందా?" అని అడిగాడు, ఎందుకైనా మంచిదని.

పిచ్చమ్మ మొహం వెలిగిపోయింది. "రాకేం అబ్బయ్యా! మా వోడికి ఏదన్నా మంత్రించి ఇయ్యమని మీ తాతని ఎన్నిసార్లు అడిగినా? సన్నాయి ఊదేవాణ్ణే గానీ తాయెత్తులు కట్టేవాణ్ణి కాదు పొమ్మన్నాడు. పైకి అట్టా అని, బియ్యంలో పెట్టి పంపినాడు. చేటలో చెరుగుతా ఉంటే దొరికింది. నీళ్ళు తగలకుండా మైనంలో ముంచి, గుడ్డలో కుట్టి కట్టినా."

"ఊఁ" అన్నాడు నవాజ్.

"కట్టిన వారానికే అలల్లో పడవ తిరగబడింది. ఇంజను పోయింది, వల పోయింది, నా బిడ్డ మటుకు ఈదుకుంటా వచ్చినాడు. మీ తాతకి కాళ్ళు మొక్కుతానని చెప్పు."

అది తాయెత్తు కాదత్తా, పెన్‌డ్రైవ్ అని చెప్పడానికి నవాజ్ నోరు తెరిచాడు. ఆమె కళ్ళు చూసి మూసుకున్నాడు. తాత ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. వస్తానత్తా అని లేచాడు.

పెంచల్ బండి దాకా వెంట వచ్చాడు. తల్లికి వినపడనంత దూరం రాగానే, "ఇది నీదేనా?" అని మెడలో మూట పట్టుకున్నాడు.

"అదేందో నీకు తెలుసా?"

"పెన్‌డ్రైవు ఎట్టుంటదో నాకు తెల్దా? అమ్మ మైనంలో ముంచేటప్పుడే చూసినా. మా నాయన పోయినప్పట్నించి, నేను నీళ్ళ మీద ఉంటే అమ్మ కన్ను మూయదు. ఇది కట్టినాక గురక పెట్టి నిద్రపోతా ఉండాదంట, పక్కింటోళ్ళు చెప్పినారు. ఎవరిదైతే నాకేంలే అని ఊరుకున్నా."

నవాజ్ సంగతంతా చెప్పాడు. పెంచల్ మూటను చొక్కాలోపలికి తోసుకుని, "పద. పొద్దుగూకే లోపల మళ్ళా నా మెడలో ఉండాల. అమ్మ రోజూ తడిమి చూస్తాది" అని బండెక్కాడు.

స్టూడియోలో కుట్లు విప్పి, బ్లేడుతో మైనం గీకారు. లోపల కవరు పొడిగా ఉంది. పిచ్చమ్మ మైనం ముందు నవాజ్ బియ్యం దిగదుడుపే. పెన్‌డ్రైవ్ గుచ్చితే దీపం వెలిగింది. ఇవి పాత వెర్షన్‌వి, కొత్తదానికి తగ్గట్టు మార్చమంటావా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఈసారి నవాజ్ తొందరపడలేదు. ముందు అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఒక నకలు, బయటి డిస్కులోకి ఒక నకలు తీసుకుని, అప్పుడు మార్చమన్నాడు. చేతులు కాలాకైనా బుద్ధి వచ్చింది, సంతోషం.

కీబోర్డు మీద తాళి కట్టే వేళ ఊదే వరుస పట్టుకున్నాడు. సన్నాయి లేచింది. జారింది, ఊగింది, పైకి పోయి నిలిచింది. ఒకచోట ఆగి, గసగా గాలి పీల్చుకుని, మళ్ళీ అందుకుంది.

పెంచల్ వలతాళ్ళు లాగి కాయలు కాసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా విన్నాడు. "ఆ గాలి పీల్చింది కూడా తాతేనా?" అని మెల్లగా అడిగాడు.

"తాతే. అది తీసేస్తే శుభ్రంగా ఉంటదన్నాను. ఉండనీరా, మనిషి ఊదినట్టు తెలియాల అన్నాడు."

వరండాలో మంచం మీదున్న మౌలా గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెన్‌డ్రైవ్ కథ విని నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు.

నవాజ్ సొరుగులోంచి అదే సైజు కొత్త పెన్‌డ్రైవ్ తీశాడు. "దీన్ని మైనంలో ముంచి కుట్టేద్దాం రా. అత్తకి తేడా తెలీదు. నాది నాకు మిగులుద్ది."

పెంచల్ దాన్ని వేళ్ళతో తిప్పి చూశాడు. "దీంట్లో ఏముంది?"

"ఏమీ లేదు. ఖాళీ."

"వద్దు" అన్నాడు పెంచల్. "ఖాళీది నాకొద్దు. తాత ఉండేదే కట్టు."

అది తాయెత్తు కాదని మొదట్నుంచీ తెలిసిన మనిషే అలా అన్నాడు. నవాజ్ కొవ్వొత్తి వెలిగించి పాతదాన్నే మైనంలో ముంచాడు. బీజాన్ తడుముకుంటూ సూదీ దారమూ తెచ్చింది, కుట్టింది మాత్రం పెంచలే. అప్పుడు మౌలా చెయ్యి చాపాడు. మూటను అరచేతిలో పెట్టుకుని, పెదవులు కదిపి, ఉన్న కాస్త గాలితో దానిమీద ఊది, పెంచల్ మెడలో కట్టాడు. ఎన్నడూ కట్టనని మొండికేసిన మనిషి, దారానికి మూడు ముళ్ళు వేశాడు.

పెళ్ళినాడు మౌలా తెల్లచొక్కా వేసుకుని చిన్నపోలయ్య పక్కన కుర్చీలో కూర్చున్నాడు. తాళి కట్టే వేళకు నవాజ్ కీబోర్డు అందుకున్నాడు. చిన్నపోలయ్య స్నేహితుడి చెయ్యి పట్టుకుని తాళి ముడి పడేదాకా వదల్లేదు. ఆడవాళ్ళలోంచి పిచ్చమ్మ లేచి నవాజ్ దగ్గరకు వచ్చింది.

"మీ తాతకి ఊపిరి అయిపోయిందన్నారే. ఎంత గట్టిగా ఉండాదో ఇను."

నవాజ్ పందిరి అవతల నిలబడిన పెంచల్ మెడ వైపు చూశాడు.

"ఉండాదత్తా" అన్నాడు.