దస్తగిరి సారు మొదటి క్లాసు

"ముందు నా పాఠం ముగించు, తర్వాత నీది చూసుకో," అన్నాడు దస్తగిరి, చెయ్యి కడుక్కుంటూ.

సమీనా మొగుడి కంచం తీసి, అదే చోటు తుడిచి ల్యాప్‌టాప్ పెట్టుకుంది. మారతహళ్ళిలో వాళ్ళిద్దరూ చదువు చెప్పే ఇస్లామిక్ బడిలో టీచర్లందరికీ కంప్యూటర్ శిక్షణ మొదలైంది. వారమంతా ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో, శనివారం బడి హాల్లో. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. అతని పేరుతో లాగిన్ అయి ఆమె వీడియోలు చూసేది, ప్రశ్నలకు జవాబులు పెట్టేది, పిల్లలకు నమాజు నేర్పే పాఠానికి స్లైడ్లు చేసేది. తన పేరుతో కూర్చునేసరికి వంటింట్లోంచి అత్త కేకేసేది: "కుక్కర్ కూస్తా ఉండాది, నీకు వినపడదా?" అయినా ఆమెకు ఆ పని ఇష్టంగానే ఉండేది. తెర మీద ఒక బొమ్మ తను పెట్టమన్న చోటికి జరిగితే, ఈ ఇంట్లో తన మాట విన్నది ఇదొక్కటే అనిపించేది.

శిక్షణ అయిపోయింది. మిగతా టీచర్లకు నేర్పే ట్రైనర్‌గా దస్తగిరిని ఎంచుకున్నారు. పాఠాలు పూర్తి చెయ్యలేదని సమీనాను ఫెయిల్ చేశారు. ఆ శనివారం హాల్లో అందరూ దస్తగిరిని మెచ్చుకుంటుంటే, టీ గ్లాసులు అందిస్తున్న ఆమెను చూపించి అతను నవ్వాడు.

"మా ఇంటామెకు మౌస్ పట్టేది గూడా నేర్పాల. ఆడోళ్ళకు టైమ్ పడతాది."

హాలంతా నవ్వింది. హెడ్మిస్ట్రెస్ జుబేదా మేడమ్ కూడా నవ్వింది. వాళ్ళతోపాటు తనూ నవ్వినందుకు సమీనాకు ఇంటికొచ్చాక ఒళ్ళు మండిపోయింది.

సోమవారం సాయంత్రం అతని మొదటి ఆన్‌లైన్ క్లాసు. టీచర్లంతా తెర మీదికి వచ్చారు. స్లైడ్లు మాత్రం రాలేదు. కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చోబెట్టుకున్న సమీనా వైపు తిరిగి, ఛార్జర్ తీగతో ఆమె వేళ్ళ మీద ఒక్కటి వేశాడు.

"ఏం చూస్తాండావే, పెట్టు! నా పాఠాలన్నీ చేసినదానివి, ఇది చేసేదానికి రోగమా? దీనికేగదా నీకు కూడు పెడతాండేది!"

మైకు తెరిచే ఉంది. చిన్న గడుల్లో ముఖాలన్నీ బిగుసుకుపోయాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. జుబేదా మేడమ్ గొంతు వినిపించింది.

"సమీనా, మైకు ఆపమ్మా. అందరికీ వినపడతా ఉండాది."

దస్తగిరి ముఖం పాలిపోయింది. గభాలున ఆమె చెయ్యి పట్టి ల్యాప్‌టాప్ మీదికి లాగాడు. ఎక్కడ నొక్కాలో అతనికి తెలియదు. ఆమె చెయ్యి విడిపించుకుని, వాచిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది.

"విననీండి మేడమ్," అంది.