కత్తెర చప్పుడుకి ఈల

కర్‌ర్... కర్‌ర్...

బల్ల మీద గుడ్డ పరిచి నాన్న కత్తెర ఆడిస్తే వచ్చే చప్పుడు అది.

దాని వెనకే ఈల.

వంటగది మూల నుంచి, సన్నగా, పొడుగ్గా, చివర కాస్త పైకి లేచే ఈల. మా గినీ పిగ్ వేసేది. దాని పేరు బొత్తాం — పొట్ట మీద గుండ్రటి తెల్ల మచ్చ ఉండేది కాబట్టి, మాది దర్జీ ఇల్లు కాబట్టి. తోక లేని, కుందేలు పిల్లలాంటి దోసెడంత ఒళ్లు, వీధి చివరిదాకా వినపడే గొంతు.

నాన్న కొట్టూ మా ఇల్లూ ఒకటే. ముందు గదిలో మిషను, కోత బల్ల, గోడకు వేలాడే చేతుల్లేని చొక్కాలు. వెనక గదుల్లో నానమ్మతో కలిపి మేం నలుగురం. మధ్యలో తలుపు ఉండేది కానీ అది మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కంచంలో దారప్పోగు వస్తే మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. తీసి పక్కన పెట్టి తినేవాళ్లం.

ఆ చప్పుడుకి ఈల వేయడం బొత్తానికి అమ్మ నేర్పింది.

నేర్పాలని కాదు...

ఇంటి వెనక గోడ వారన గడ్డి మొలిచేది. వాన పడితే మోకాలెత్తు లేచేది. అమ్మ పొద్దున్నే వెళ్లి, తడి గడ్డి పిడికిట్లో పట్టుకుని కోసుకొచ్చేది. దేనితో అనుకున్నారు — నాన్న పెద్ద కత్తెరతో.

దర్జీ ఇంట్లో అంతకు మించిన నేరం లేదు. గుడ్డ కోసే కత్తెర గుడ్డనే కోయాలి. కాగితం కోయకూడదు. జుట్టు కోయకూడదు. వేరేదేదైనా తాకితే పదును పోతుంది, పదును పోయిన కత్తెర గుడ్డని కోయదు, నములుతుంది. అక్షరాలకంటే ముందు నాకు ఈ పాఠం వచ్చింది.

"గుడ్డ కోసే కత్తెరతో గడ్డి కోస్తారా ఎక్కడైనా?" అనేవాడు నాన్న.

"గడ్డి కోసే కత్తెరతో మీరు గుడ్డ కోస్తున్నారు. నేనేమైనా అన్నానా?" అనేది అమ్మ.

నాన్న నవ్వు కనపడకుండా అటు తిరిగి, కత్తెర తుడుచుకునేవాడు. సాన పట్టించుకొచ్చేవాడు. మర్నాడు మళ్లీ గోడ వారన అదే చప్పుడు. లోపల బుట్టలో బొత్తాం చెవులు నిక్కేవి. వానా, గడ్డీ, కత్తెరా, ఈలా — మా ఇంట్లో తెల్లవారడమంటే ఇదే.

తర్వాత ఒక వానాకాలంలో, జ్వరం వచ్చి, అమ్మ పోయింది.

గడ్డి మాత్రం మొలిచింది. ఎవరూ కోయలేదు.

బజారు నుంచి ఎండుగడ్డి తెచ్చి బుట్టలో వేసేవాళ్లం. అది తినేది, తినాలి కాబట్టి.

కొన్నాళ్లకు నాన్న మళ్లీ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఎవరిదో ప్యాంటు గుడ్డ. సుద్దతో గీత గీశాడు. కత్తెర అందుకున్నాడు.

కర్‌ర్...

ఈల.

నాన్న చెయ్యి ఆగిపోయింది. నోరు తెరుచుకున్న కత్తెరని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. గుండీలు ఏరుతున్న నానమ్మ తల ఎత్తలేదు, చెంగుతో ముక్కు తుడుచుకుంది. నాకు మాత్రం సంతోషం వేసింది. చిన్నదాన్ని కదా. ఇంట్లో ఒక్క ప్రాణి లెక్కలోనైనా అమ్మ ఇంకా గోడ వారనే ఉంది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో తడి చేతులతో లోపలికి వస్తుంది.

అలాంటి పిలుపుకి జవాబివ్వకుండా ఎలా ఉంటాం?

నాన్న గుడ్డ కోయడం ఆపి, మంచినీళ్లకి వచ్చినట్టు లోపలికి వచ్చేవాడు. వెళ్లేముందు బుట్టలో ఒక క్యారెట్ ముక్క పడేది. నానమ్మ ఆపిల్ తొక్క తీస్తూ తీస్తూ సగం పండు తీసేసేది. నేను ద్రాక్షలు, బిస్కెట్లు. ఎవరికి వాళ్లం, నేనొక్కరినే కదా పెడుతున్నాను అనుకున్నాం. మిగతా ఇద్దరికీ మనసు రాయి అనుకున్నాం.

అంతలో బళ్లు తెరిచే రోజులొచ్చాయి. ఊళ్లో పిల్లలందరి యూనిఫారాలూ నాన్న బల్ల మీదే ఉన్నట్టుండేది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కత్తెర ఆడుతూనే ఉంది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఈల వినపడుతూనే ఉంది.

బొత్తాం చూస్తుండగానే లావెక్కింది.

ముందు తెలిసింది సంచీకి. మిగిలిన పీలికలతో నాన్న దానికొక పడక సంచీ కుట్టి ఇచ్చాడు. అందులో దూరి ముక్కు మాత్రం బయట పెట్టుకుని పడుకునేది. ఇప్పుడు దూరలేక, వెనక భాగం బయట వదిలేసి పడుకుంటోంది.

నాన్నకి ఒక మర్యాద ఉంది. ఒళ్లు చేసి వచ్చిన మనిషితో, లావయ్యారండీ అని జన్మలో అనలేదు. "ఉతికితే గుడ్డ ముడుచుకుందండీ" అనేవాడు. పాపం గుడ్డ, అన్ని నిందలూ మోసేది. ప్రతి బట్టలోనూ కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ దాచి ఉంచేవాడు — రేపు ఒళ్లు వస్తే విప్పి వదులు చేయడానికి. సంచీలోనూ దాచాడు.

"గుడ్డ ముడుచుకుంది" అన్నాడు సంచీ తిప్పి చూస్తూ. కుట్లు విప్పి వదులు చేశాడు.

మళ్లీ బిగుతైంది. మళ్లీ విప్పాడు. దాచిన గుడ్డంతా అయిపోయింది.

"కడుపుతో ఉందేమోరా" అంది నానమ్మ.

"ఇంట్లో ఇంకో గినీ పిగ్గే లేదు. కడుపేంటమ్మా?"

"ఏమో నాయనా, ఏ వింత ఎప్పుడు జరుగుతుందో ఎవరికి తెలుసు."

ఆ అనుమానం మీద ఇంకో ముక్క ఎక్కువ పెట్టింది. కడుపుతో ఉన్నదాన్ని పస్తుంచకూడదు కదా మరి.

ఒకరోజు పొద్దున, వాన మొదలవుతుండగా, నాన్న నీలం గుడ్డ పరిచాడు.

కర్‌ర్... కర్‌ర్...

ఏమీ లేదు.

నాన్న కత్తెరని గుడ్డ మీది నుంచి పైకెత్తి గాల్లో ఆడించాడు. ఇంకోసారి. గోడ అవతల వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ముగ్గురం ఒకేసారి వంటగదిలోకి పరిగెత్తాం.

బుట్ట మూలలో వీపు గూనిచేసుకుని కూర్చుని ఉంది. వెంట్రుకలు రేగిపోయి ఉన్నాయి. పళ్లు నూరుతోంది. పొట్ట రెండు పక్కలా ఉబ్బి, వేలితో తడితే బోలుగా మోగింది. ముందురోజు ముక్కలన్నీ అలాగే ఉన్నాయి. బుట్టంతా వెతికినా ఒక్క పెంటిక లేదు.

నాన్న మెడలో టేపు తీసి దాని నడుముకి చుట్టాడు. చాలాసేపు చూశాడు. కొలత పైకి చెప్పలేదు.

"గుడ్డ ముడుచుకోలేదు" అన్నాడు. "ఒళ్లే ఉబ్బింది."

ఆ మాట నాన్న నోట వినడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది. అమ్మ జ్వరంలో కూడా, ఏం లేదు తగ్గిపోతుంది అన్న మనిషి.

పశువుల డాక్టరమ్మ బొత్తాం పొట్ట ఒత్తి చూసింది, చెవి ఆనించి విన్నది.

"లోపలంతా గ్యాసు. కొవ్వు కూడా బాగానే పట్టింది. ఏం పెడుతున్నారు?"

"గడ్డేనండి" అన్నాడు నాన్న.

"గడ్డే" అంది నానమ్మ.

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"గడ్డి తిన్న పొట్ట ఇలా ఉండదు. ఎవరెవరు ఏమేం పెట్టారో చెబితే మందివ్వడం తేలికవుతుంది నాకు."

నాన్న పైకప్పు చూశాడు. తర్వాత — క్యారెట్లు. ఆపిల్. ద్రాక్షలు. బిస్కెట్లు. ఒక్కొక్కటీ బయటపడుతుంటే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కోపం రాలేదు. ముగ్గురికీ మనసు ఉందన్నమాట.

డాక్టరమ్మ చుక్కల మందు ఇచ్చింది. పొట్ట ఎలా నిమరాలో చూపించింది. గడ్డి ఎప్పుడూ బుట్ట నిండా ఉండాలి, ఇంకేదీ వద్దంది.

"ఈల వేస్తే?" అన్నాను నేను.

"వేస్తే వేయనివ్వండి. ఆకలికి కాదమ్మా, అలవాటుకి వేస్తోంది. ఎవరూ దగ్గరికి వెళ్లొద్దు. ఒక్కసారి వెళ్లారంటే చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఇంకోసారి ఇలా ఉబ్బితే నేనేం చేయలేను."

నాన్న తలూపాడు. దారి పొడుగునా బొత్తాన్ని చొక్కా లోపల పెట్టుకుని నడిచాడు.

యూనిఫారాలు ఆగిపోయాయి. నాన్న మిషను ముందు కూర్చుని, బొత్తాన్ని ఒళ్లో పెట్టుకుని, సుద్ద అంటిన వేళ్లతో పొట్ట నిమిరాడు. గుడ్డ మీద మడత సరిచేసినంత మెత్తగా. పిల్లల తల్లులు వచ్చి గుమ్మంలో అరిచారు. రేపు రండి, రేపు రండి అన్నాడు నాన్న. దర్జీ మాట నమ్మడమేంటని తిట్టుకుంటూ వెళ్లారు.

ముందు ఒక పెంటిక పడింది. నానమ్మ బంగారం దొరికినట్టు నన్ను కేకేసి చూపించింది. తర్వాత ఎండుగడ్డి పోచ ఒకటి నోట్లోకి వెళ్లింది. పొట్ట తగ్గింది.

నాన్న మళ్లీ నీలం గుడ్డ ముందు నిలబడ్డాడు.

కర్‌ర్...

ఈల వచ్చింది. బలహీనంగా, ఆగి ఆగి... వచ్చింది.

ఎవరం కదల్లేదు.

నాన్న తల దించుకుని కోస్తూనే ఉన్నాడు. అది పిలుస్తోంది. నానమ్మ లేచి వీధి గుమ్మంలోకి వెళ్లిపోయింది. నేను చెవులు మూసుకున్నాను. మూసుకున్నా వినపడింది. అమ్మ గోడ వారన ఉందని నమ్మేది ఈ లోకంలో అదొక్కటే. అమ్మ లేదని దానికి మేమే చెప్పాలి, అది బతకాలంటే. మాకు చేతనైన పద్ధతి ఇదొక్కటే — వెళ్లకుండా ఉండడం.

ఈల రోజురోజుకీ పొట్టిదైంది.

ఒకరోజు కత్తెర ఆడింది, బుట్టలో చెవి ఒక్కటి కదిలింది. అంతే. మర్నాడు అదీ లేదు.

బొత్తాం బాగుపడింది. సన్నబడింది. ఇల్లంతా పరుగులు పెట్టింది. సంచీలో దూరితే ముక్కు కూడా కనపడేది కాదు. నాన్న ఆ సంచీని మళ్లీ బిగించి కుట్టలేదు. వదులుగానే ఉండనిచ్చాడు.

ఎండలు పోయి మళ్లీ వాన వచ్చింది. ఒకరోజు పొద్దున్నే పెరట్లో చప్పుడై లేచాను. గోడ వారన నాన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పెద్ద కత్తెర. గుడ్డ కోసే కత్తెర. తడి గడ్డి పిడికిట్లో పట్టుకుని కోస్తున్నాడు. కోసి, ఆగుతున్నాడు. తల కాస్త పక్కకి వంచుతున్నాడు. మళ్లీ కోస్తున్నాడు.

గడ్డితో లోపలికి వచ్చాడు. మోకాళ్లు తడిసిపోయి ఉన్నాయి.

"వేసింది" అన్నాడు. "విన్నావా?"

గుడ్డ ముడుచుకుందండీ అని చెప్పే గొంతు అది. ఆ గొంతు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"విన్నాను నాన్నా" అన్నాను.

ఇప్పుడు ఆ కత్తెర నా బల్ల మీద ఉంది. ఎన్నిసార్లు సాన పట్టించినా గుడ్డని కాస్త నములుతుంది. పారేయమంటారు అందరూ. బయట వాన పడుతున్నప్పుడు, ఊరికే, గుడ్డ లేకుండానే దాన్ని చేతిలోకి తీసుకుంటాను. నాన్న అబద్ధం చెప్పాడనే అనుకుంటాను. కానీ ఆ పొద్దున నేను అప్పుడే నిద్ర లేచాను. వాన చప్పుడు గట్టిగా ఉంది...

కర్‌ర్...

ఆగుతాను. తల కాస్త పక్కకి వంచుతాను.