తూకం చూడని సంచి

వస్తాదు చెప్పే లెక్క ప్రకారం, ఆయన వయసులో ఉండగా ఒకరోజు గద తిప్పుతుంటే ఆ విసురుకి ఎదురింటివాళ్ళు ఆరేసుకున్న దుప్పట్లు లేచి పక్కవీధిలో పడ్డాయి. వాటిని ఏరి తెచ్చివ్వడానికి వెళ్ళినప్పుడే ఆయనకి పెళ్ళి కుదిరిందట. ఇంకోసారి గుండురాయిని రొమ్ము మీదికి ఎత్తుకుని, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కునుకు తీశాడు. మెలకువొచ్చి చూస్తే రాయి మీద పిచ్చుక గూడు పెట్టుకుని ఉంది. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా రాయి దించలేదు. వినేవాడు నవ్వబోయే క్షణం కనిపెట్టి, "పాపం, పక్షులు కదండీ" అని కూడా అంటాడు.

ఈ కోతలన్నీ వింటూ పెరిగిందే ఆయన మేనకోడలు. ఆసుపత్రిలో ఆయా. మంచం దిగలేని రోగులుండే వార్డులో పని. పొద్దున డ్యూటీ ఎక్కితే సాయంత్రం దాకా ఒకరిని లేపి కూర్చోబెట్టడం, ఇంకొకరిని పక్కకి తిప్పడం, మరొకరిని కుర్చీలోకి మార్చడం. మనిషన్నవాడు ఇనుపకడ్డీలా ఒక పట్టుకి దొరకడు. ఎత్తితే ఒకవైపు జారతాడు, ఇంకోవైపు వేలాడతాడు, మధ్యలో మూలుగుతాడు. ఆ మోత మోసీ మోసీ, ఎటూ మోస్తున్నదాన్ని ఫైరుస్టేషనులో మోస్తే యూనిఫారమైనా ఉంటుంది కదా అని ఆమెకి తోచింది. అక్కడ ఆడవాళ్ళని కూడా తీసుకుంటున్నారు. పరీక్ష ఒక్కటే గట్టిది. కాన్వాసుతో కుట్టి లోపల బరువు నింపిన నిలువెత్తు మనిషిబొమ్మని నేల మీదినుంచి లేపి, భుజాన వేసుకుని ఆవరణ ఆ చివరిదాకా నడవాలి. వయసు హద్దుకి ఆమె సరిగ్గా అంచున ఉంది. ఈ ఏడు దాటితే ఇక ఆ గేటు లోపలికి రానివ్వరు.

"మామయ్యా, నన్ను తయారు చెయ్యి" అని అడిగింది.

"జిమ్ములో చేరి అద్దంలో మొహం చూసుకో, పో. నా దగ్గరికెందుకే" అన్నాడు వస్తాదు. అన్నాడే గానీ అప్పటికే లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఆ జిమ్ము వస్తాదు శిష్యుడొకడి కొడుకుది. నాలుగు గోడలకీ అద్దాలు బిగించి, నడుస్తూ నడుస్తూ తన కండలు తానే చూసుకుంటుంటాడు కాబట్టి అందరూ అతన్ని అద్దాలబాబు అంటారు. తండ్రి మొహం చూసి మెట్ల కింద మూల ఒకటి వస్తాదుకి వదిలేశాడు. అక్కడ రెండు కర్రగదలు, పెద్ద గద, నున్నటి గుండురాయి, లావుపిడి వేసిన బకెట్లు, ఇసుకసంచి. యంత్రాలతో విసుగెత్తినవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి ముట్టుకుని చూసి పోతుంటారు.

ఆమెకి మాత్రం వస్తాదు మనసుపెట్టి నేర్పాడు. భుజాల కీళ్ళు వదులవడానికి కర్రగదలు. వాటిని వీపు వెనక నుంచి తిప్పుతుంటే మొదట్లో తన మోచెయ్యి తన తలకే తగిలేది. లావుపిడి బకెట్లతో నడక. అరచెయ్యి పిడిచుట్టూ సగమే తిరుగుతుంది, మిగతా సగం మొండితనంతో పట్టుకోవాలి. జిమ్ములోని ఇనుపకడ్డీని చేతులతో కాకుండా మోచేతుల మడతల్లో పెట్టుకుని కూర్చుని లేవడం. దానికి వస్తాదు 'చంటిపిల్ల' అని పేరు పెట్టాడు. వెల్లకిలా పడుకుని, బరువు పట్టుకున్న చేతిని నిటారుగా నిలిపి, అది కిందికి దిగకుండా మోచేతి మీదా మోకాటి మీదా మెల్లగా లేచి నిలబడటం, అది 'నిద్రలేపుడు'. అన్నిటికంటే చివర సంచి. కావలించుకుని లేపాలి, ఒళ్ళోకి తెచ్చుకోవాలి, అక్కడినుంచి భుజానికెక్కించాలి.

"కడ్డీ మర్యాదస్తురాలు. ఎక్కడ పట్టుకుంటే అక్కడే ఉంటుంది. సంచి అలా కాదు, తాగొచ్చిన బావమరిది లాంటిది" అనేవాడు.

ఆమె నవ్వేది. రోగులు కూడా అంతే కదా అనుకునేది.

ఆ సంచి విషయంలో వస్తాదుకి తన గురువు దగ్గరినుంచి వచ్చిన పట్టింపు ఒకటుంది. బరువెంతో శిష్యుడికి తెలియకూడదు. అంకె తెలిస్తే ఒళ్ళు కంటే ముందు బుర్ర ఓడిపోతుంది. అలాగే, ఆ పొద్దున గురువు స్వయంగా ఎత్తి దించని బరువు శిష్యుడి చేతికి ఇవ్వకూడదు. అందుకని ఆమె వచ్చేలోపే వస్తాదు ఒక్కడే సంచి మూతి విప్పి, మగ్గుతో ఇసుక సరిచేసి, తానొకసారి ఎత్తి చూసి, మళ్ళీ మూతి బిగించి ఉంచేవాడు.

నెలలు గడిచాయి. సంచి ఆమె మాట వినసాగింది. మొదట ఒళ్ళోకే రానిది, కుడిభుజం ఎక్కింది. తర్వాత ఎడమభుజం. తర్వాత సంచి భుజాన ఉండగానే మెట్లెక్కి దిగేది. వార్డులో ఎంత లావు మనిషినైనా అవతలి ఆయాని పిలవకుండా తిప్పేసేది. నడక మారింది. అద్దాలబాబు కూడా అద్దం వదిలి ఇటు చూడటం మొదలుపెట్టాడు.

"అక్కా, ఒక్కసారి దాన్ని తూకం మిషన్ మీద పెట్టి చూద్దామా? ఊరికే, మన తృప్తికి" అన్నాడొకరోజు.

ఆమె వస్తాదు వైపు చూసింది. ఆయన మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. ఈమధ్య పొద్దున్నే ఆయన బనియను తడిసి ఉంటోంది, కథలు కూడా కూర్చునే చెబుతున్నాడు.

"చూసుకోవే. వాడి గురువు అద్దం, నా గురువు ఒళ్ళు. ఎవరి మాట వింటావో విను" అన్నాడు వస్తాదు.

"వద్దులే బాబూ" అంది ఆమె. మామయ్య మీద గౌరవంతోనే అంది. కొంచెం గర్వంతో కూడా అంది. భుజం మీద పువ్వులా కూర్చుంటున్నదాన్ని తూకానికి ఎక్కించి, ఆ తేలికకి ఒక అంకె తగిలించడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

పరీక్ష రోజున ఫైరుస్టేషను ఆవరణలో బొమ్మ బోర్లా పడుకుని ఉంది. ఆమె వంతు వచ్చింది. నేర్చుకున్నట్టే మోకాళ్ళు వంచి, చేతులు కిందికి పోనిచ్చి, ఛాతీకి అదుముకుంది. పట్టు కుదిరింది. నడుము నిలబడింది. తప్పు ఎక్కడా లేదు. బొమ్మ మాత్రం లేవలేదు.

ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి ఒళ్ళోకి వచ్చింది. ఒళ్ళో పెట్టుకుని ఊపిరి తీసుకుని భుజానికి విసరబోతే, దాని తల ఒకపక్కకి వాలి ఆమెని కూడా తనతో పాటు కూలదోసింది. వరుసలో నిలబడ్డ పిల్లలెవరో నవ్వు ఆపుకున్నారు. వాళ్ళంతా కడ్డీలూ యంత్రాలూ పట్టి వచ్చినవాళ్ళు. పట్టు తెలియక పెనుగులాడారు, బొమ్మ కాలు నేల మీద ఈడ్చుకుపోయారు, అయినా అవతలి చివరికి చేరారు.

"చాలమ్మా, పక్కకి రండి. నడుం పట్టేస్తుంది" అన్నాడు ఆఫీసరు. పక్కనున్న గుమాస్తా, "పర్లేదండీ, వచ్చే ఏడు మళ్ళీ..." అంటూ ఆమె కాగితం మీద పుట్టిన సంవత్సరం చూసి, మిగతా మాట మింగేశాడు.

ఆమె తిన్నగా జిమ్ముకి వచ్చింది. వస్తాదు బెంచీ మీద మధ్యాహ్నపు కునుకులో ఉన్నాడు. సంచిని ఎత్తుకెళ్ళి మిషన్ మీద పెట్టింది. అంకె చూసి అద్దాలబాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"చెప్పు" అంది.

"మొన్న చేరిన పిల్లలు కూడా దీనికంటే ఎక్కువే ఎత్తుతున్నారక్కా."

మెట్ల కింద తలుపు వెనక చూసింది. ఇసుక బకెట్టు నిండి ఉంది. దాని పక్కన ఒక డబ్బా, అదీ నిండే ఉంది. డబ్బా వెనక గోనెపట్టా పరిచి దాని మీద కుప్ప. నెలల తరబడి మగ్గు మగ్గుగా సంచిలోంచి బయటికి వచ్చిన ఇసుక అది.

అలికిడికి వస్తాదు లేచాడు. ఆమె మొహం చూశాడు, పరీక్ష గురించి అడగలేదు.

"తీసేశావా మామయ్యా?"

"తీసేయడమేంటే. సరిచేశాను. వానలకి ఇసుక చెమ్మ తీసుకుంటుంది. చెమ్మ తీసుకున్న ఇసుక బరువెక్కుతుంది. ఎక్కినంత మేర తగ్గించాను."

"వానలు పోయి ఎన్నాళ్ళయింది?"

"గోడ చెమ్మ ఉంటుందిగా."

ఆమె సంచి మూతి విప్పి చెయ్యి పెట్టింది. పిడికిట్లోంచి ఇసుక పొడిపొడిగా జారిపోయింది. జారుతుంటే ఇద్దరూ చూశారు.

"ఎత్తు" అంది.

"నాకు పరీక్ష పెడతావా?"

"పొద్దున్న ఎత్తినట్టే ఎత్తు."

వస్తాదు తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. వంగి సంచిని కావలించుకున్నాడు. లేచింది. పిక్కలు వణుకుతుండగా, మెడ నరాలు తాళ్ళలా తేలుతుండగా, సంచి ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఉంచి బెంచీ మీద జారవిడిచాడు.

"చూశావా" అన్నాడు, ఊపిరి అందీ అందక. "లేచిందిగా."

"లేచింది. నువ్వు ఎత్తగలిగినంతే ఉంది అందులో. నేను ఎత్తాల్సింది నువ్వు ఎత్తగలిగినంత కాదు మామయ్యా."

ఆయన తువ్వాలు అందుకుని మెడ తుడుచుకున్నాడు.

"పొద్దున్న ఎత్తలేకపోతున్నానే అని ఒక్క మాట చెబితే పోయేదిగా. నేను ఇంకో దారి చూసుకునేదాన్ని. నీ మీద కోపం కూడా వచ్చేది కాదు."

వస్తాదు అరచేతులకి అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"నీకు నేను చెప్పలేదు, సరే" అన్నాడు. "నాకెవరు చెప్పారే?"

ఆమెకి జాలి రాలేదు. జాలి రానందుకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు అటు పోలేదు. వార్డూ ఇల్లూ. మేట్రను ఒకసారి పలకరింపుగా, "ఏదో పరీక్షకి వెళ్ళావట" అంది. "వెళ్ళొచ్చాను" అని దుప్పటి మార్చడంలో పడింది.

ఒక సాయంత్రం, జిమ్ములో వదిలేసిన బూట్ల కోసం వెళ్ళింది. మూలలో వస్తాదు ముందు కొత్తమనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. పోస్టాఫీసులో సార్టరు. రోజంతా వంగి ఉత్తరాలు విడదీసి మెడ పట్టేసిందట, పాతకాలం కసరత్తులైతే ఏమైనా పనిచేస్తాయేమోనని వచ్చాడు. చేతిలో కర్రగద పట్టుకుని నోరు తెరుచుకుని వింటున్నాడు.

"...ఇంకేముందండీ, బొమ్మని ఒంటిచేత్తో లేపి భుజాన వేసుకుంది. ఆవరణ చివరిదాకా పోయింది, ఆగలేదు. గేటు దాటింది. వీధి దాటింది. వెనకాల ఫైరింజను గంట కొట్టుకుంటూ, అమ్మా మా బొమ్మ మాకిచ్చేయ్ అని. చివరికి ఆఫీసరే దండం పెట్టాడు. ఉద్యోగం ఇస్తామంటే, మా వార్డులో రోగులు ఏమైపోతారండీ అని ఇదే వద్దంది. అదిగో, వచ్చింది. అడగండి."

సార్టరు వెనక్కి తిరిగాడు. "నిజమేనాండీ?"

"లేదండీ. ఎత్తలేకపోయాను. బొమ్మతో పాటు కింద పడ్డాను. ఉద్యోగం రాలేదు" అంది ఆమె.

వస్తాదు తొడ చరుచుకున్నాడు. "చూశారా, ఎంత అణకువో. మా వంశంలోనే అంత. చేసింది చెప్పుకోరు."

సార్టరు ఆమెని నిలువెల్లా చూశాడు. ఆ చూపులో నమ్మకం ఉంది, గౌరవం కూడా ఉంది. అందరూ ఒక్కరోజు అలా చూడాలనే ఆమె ఆ గేటు లోపలికి వెళ్ళింది. ఇప్పుడు ఆ చూపు వచ్చి మొహానికి పేడలా అంటుకుంది.

మామయ్య కళ్ళలోకి చూసింది. అక్కడ చిలిపితనం కోసం వెతికింది. చిన్నప్పటినుంచీ ప్రతి కోత చివరా అది ఉండేది, పిచ్చుక గూడు చెప్పినప్పుడు కూడా ఉండేది. ఈసారి లేదు. నిజంగా చూసొచ్చిన మనిషి కళ్ళలా తేటగా ఉన్నాయి.

బూట్లు తీసుకుంది. "రేపు ఏ పూట రమ్మంటారు?" అని సార్టరు వస్తాదుని అడుగుతున్నాడు.

"పొద్దున్నే రండి" అంటున్నాడు వస్తాదు. "మీరొచ్చేసరికి సంచి సిద్ధం చేసి ఉంచుతాను."